నాగావళి ఇంకా ప్రయాణంలోనే ఉంది

గౌతమి నౌక అధికారిక లాగ్
రాస్తున్నది: మైలపల్లి కనకరత్నం, లాగ్ అధికారి

409వ రోజు

పొద్దున్నే క్షారిణి గ్రహం మీద దిగాం. ఈ నౌకలో వంట కూడా నా పనే. దిగేటప్పుడు నేను వంటగదిలో కందిపప్పు డబ్బా మూత తీస్తున్నాను. కుదుపుకి సగం పప్పు నేలపాలైంది. ఏరి, కడిగి, అదే వండాను. పందొమ్మిది మందిమీ తిన్నాం.

గాలి పీల్చుకోవచ్చు, ముక్కుల్లో ఉప్పు కొడుతుంది గానీ. కిటికీలోంచి ఎటు చూసినా తెల్లటి ఉప్పు పర్ర, ఏమీ మొలవని చదును నేల. దానికి అవతల సముద్రం.

ఇంధనం అయిపోయింది. మా ఇంజనీర్ ఖాదర్ వలీ నీళ్ళలోంచే ఇంధనం తీస్తాడు. మంచినీళ్ళయితేనే. ఉప్పునీళ్ళు పోస్తే యంత్రంలో పలకలు రెండు గంటల్లో పాడైపోతాయట. ట్యాంకులు నిండితేనే ఇక్కణ్ణుంచి కదులుతాం. పైనుంచి చూసినప్పుడు నాలుగు వందల కిలోమీటర్ల తీరంలో ఒక్కచోటే పచ్చని గీత కనబడింది. దానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో దిగాం.

ఆ పచ్చదనం పక్కన పొగ కూడా ఉంది. నిన్న లాగ్‌లో ఆ మాట రాశాను. కెప్టెన్ ఉద్దరాజు విజయసారథి గారు చూసి, "పొగ అని ఎందుకండీ, ఆవిరి అని రాయొచ్చుగా" అన్నారు. పొగ అనే ఉంచాను. ఎలాగూ నేను రాసిన ప్రతి పుటా గంటలో సీలు పడిపోతుంది. ఆ తర్వాత నేనూ మార్చలేను, ఆయనా మార్చలేరు. ఒక ప్రతి ఇంటికి వెళ్తుంది, ఒకటి మా వెనక వస్తున్న వశిష్ఠ నౌకకి. వశిష్ఠలో నాలుగు వందల మంది ఉన్నారు. మాకంటే నెమ్మదిగా నడిచే నౌక కాబట్టి ఇంకో పద్నాలుగు నెలల్లో ఇక్కడికి చేరతారు.

411వ రోజు

పొగ పొగే. మనుషులున్నారు.

కెప్టెన్ గారూ, ఖాదరూ, నేనూ నడిచి వెళ్ళాం. పర్ర మధ్యలో ఇసుకలోంచి ఊట పొంగి, చిన్న గెడ్డగా పారుతోంది. గెడ్డకి అటూ ఇటూ ఇళ్ళు. గోడలు నౌక రేకులవి, పైకప్పులు ఏదో వెడల్పాటి ఆకు. ఒక ముసలావిడ ముక్కాలి పీట మీద కూర్చుని చేపలు కోస్తోంది. మమ్మల్ని చూసి కూడా ఆపలేదు. చేతిలో ఉన్న చేప అయిపోయాక కత్తి తుడిచి పక్కన పెట్టింది.

"ఎవురు మీరు? ఎక్కడ్నుంచి ఒచ్చినారు?"

కెప్టెన్ గారు బిత్తరపోయి ఖాదర్ వంక చూశారు. నాకు మాత్రం మా మామ్మ గొంతు విన్నట్టయింది. పూడిమడకలో ఆవిడ అచ్చం ఇలాగే మాట్లాడేది.

"ఏటి గుంటా, అలగ సూస్తన్నావు? బాసొచ్చా?" అంది ముసలావిడ నాతో. నాకు యాభై రెండేళ్ళు. ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి కాబట్టి ఆవిడ లెక్కలో నేను గుంటనే, చిన్నపిల్లనే.

"వచ్చమ్మా. మా మామ్మ ఇలాగే మాట్లాడేది."

"మీ మామ్మది ఏ పడవ?"

ఏ ఊరు అని అడగలేదు, ఏ పడవ అని అడిగింది. ఆవిడ పేరు నూకాలు. ఊరికి పెద్ద. కానీ అందరూ ఆవిణ్ణి 'సరంగమ్మా' అని పిలుస్తున్నారు, పడవ నడిపించే మనిషిని పిలిచినట్టు. మొత్తం రెండు వందల అరవై మంది. తమది నాగావళి అని చెప్పారు.

ఆ పేరు నాకు తెలుసు. నూట అరవై ఏళ్ళ కిందట బయల్దేరి, జాడ తెలియకుండా పోయిన నౌక అది. తప్పిపోయిన నౌకల జాబితాలో నాలుగో పేజీలో ఉంటుంది.

నీళ్ళు కావాలని చెప్పాం. నూకాలు చేత్తో ఊట వైపు చూపించింది. "తీసుకోండి. ఊట మాది కాదు, అందరిదీని. అడిగినోల్లకి కాదనం. గాని గెడ్డలో కాలెట్టకండి, పైన ముంచుకోండి."

ఎండుచేపలు కూడా ఇచ్చారు. వండాను. బాగున్నాయి.

415వ రోజు

కెప్టెన్ గారు తన గదికి పిలిచారు. బల్ల మీద, మమ్మల్ని పంపిన కంపెనీకి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం ఉంది.

"రత్నం గారూ, ఊట మాది కాదని ఆవిడే అంది. మీరు విన్నారు. అది రాయండి."

"రాసేశానండీ. ఆవిడ అన్నది మొత్తం రాశాను. అందరిదీ అన్నది కూడా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డ మనిషి కాదు. జ్వరం వచ్చిన కుర్రాళ్ళకి స్వయంగా గంజి పట్టుకెళ్ళే మనిషి. భీమవరం దగ్గర వాళ్ళ చేలన్నీ తాతగారి రోజుల్లోనే సముద్రంలో కలిసిపోయాయి. కూతురు హైమ, ఆవిడ ఇద్దరు పిల్లలు వశిష్ఠలో వస్తున్నారు.

"గుర్తింపు పొందిన ఏ ప్రభుత్వం ఆధీనంలోనూ లేని తీరాన్ని కంపెనీ స్వాధీనం చేసుకోవచ్చు. పత్రంలో స్పష్టంగా ఉంది. వీళ్ళకి ప్రభుత్వం లేదు. ఆ ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి, చాలు."

పత్రంలోని ఆ స్వాధీనం వాక్యం నాకు ఆయనకంటే ముందు నుంచీ తెలుసు. ఈ ఉద్యోగంలో చేరకముందు పన్నెండేళ్ళు పాత పత్రాల భాండాగారంలో పనిచేశాను. పదహారో శతాబ్దపు ఇంగ్లీషు నావికుల లాగ్‌లూ, వాళ్ళ రాణి వాళ్ళకి ఇచ్చిన పత్రాలూ తెలుగు చేయడం నా పని. 'ఏ క్రైస్తవ ప్రభువు ఆధీనంలోనూ లేని' దూర దేశాలు వెతికి, పట్టుకుని, అనుభవించమని రాణి రాసిచ్చింది. అక్కడ దొరికే బంగారం, వెండిలో ఐదో వంతు ఆవిడకి. మా పత్రం రాసినవాళ్ళు ప్రభువు అన్న చోట ప్రభుత్వం అన్నారు, వెండి అన్న చోట ఖనిజం అన్నారు. మిగతాది ముట్టుకోలేదు.

ఆ సంగతే చెప్పాను.

"తెలుసు," అన్నారాయన. "ఆ నావికుల గురించి చదివే నేను ఈ పనిలోకి వచ్చాను. మన ఈ గదికి పదింతలు కూడా లేని ఓడల్లో, ముందు ఏముందో తెలియకుండా వెళ్ళారండీ వాళ్ళు."

"వాళ్ళ ధైర్యం నాకూ ఇష్టమే. సముద్రంలో ఉన్నంతసేపూ వాళ్ళ లాగ్ కింద పెట్టబుద్ధి కాదు. ఒడ్డుకి చేరాకే చదవడం కష్టం."

ఆయన నవ్వలేదు. "నాలుగు వందల మంది ఉన్నదంతా వదులుకుని ఓడెక్కారు. సొంత నేల ఇస్తామని మాటిచ్చాం. మా హైమకి ఏం చెప్పమంటారు? ఊట పక్కన ముందే ఎవరో కూర్చున్నారు, వెనక్కి పోదామని చెప్పనా?"

పత్రం ఆయన వైపే జరిపాను. సంతకం పెట్టలేదు.

416వ రోజు

ఊట పక్కన కంపెనీ స్తంభం పాతారు. కెప్టెన్ గారు ప్రకటన చదివారు. ఊరంతా వచ్చి మర్యాదగా విన్నారు. గ్రాంథికంలో ఉంది కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు.

"ఏటి సదివినాడు?" అని అడిగింది నూకాలు.

"ఈ తీరం మా కంపెనీకి ఇచ్చేశారని."

"ఎవురిచ్చినారు?"

"మా వాళ్ళు."

"మీవోల్లు ఎక్కడుంటారు?"

"పద్నాలుగు నెలల దూరంలో."

నూకాలు స్తంభాన్ని పైనుంచి కింద దాకా చూసింది. తర్వాత ఎండబెట్టిన చేపల్ని తిరగేయడానికి వెళ్ళిపోయింది.

నిబంధన ప్రకారం స్తంభం పాతిన పన్నెండు రోజుల లోపు లాగ్ అధికారి సంతకం పడాలి. లేకపోతే ఆ స్వాధీనం చెల్లదు. అంటే 428వ రోజు దాకా గడువుంది.

421వ రోజు

మూడు రోజులుగా మా వాళ్ళు ఊట చుట్టూ హద్దు గడలు పాతుతున్నారు. మొత్తం నలభై. ఒక్కోదాని తలమీద చిన్న దీపం, కొలత యంత్రం ఉంటాయి. ఈ పొద్దున లెక్కపెడితే ముప్పై తొమ్మిదే ఉన్నాయి.

భోజనాల దగ్గర కెప్టెన్ గారు అందరి ముందూ చెప్పారు. "గడ తిరిగి వచ్చేదాకా ఊట మూసేస్తాం. ఇంటికో బిందె పొద్దున్నే మనమే పోస్తాం. ఎవరికీ దెబ్బ తగలకూడదు. కానీ మొదటిసారి ఊరుకుంటే రెండోసారి పది పోతాయి."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. అందరికీ వినబడేలా ఒక సంగతి చెప్పాను. ఆ ఇంగ్లీషు వాళ్ళు అమెరికా తీరంలో మొదటిసారి ఊరు కట్టాలని దిగిన వేసవిలో ఒక వెండి గిన్నె పోయింది. పక్క ఊరివాళ్ళు తీశారన్నారు. ఇస్తామని ఇవ్వలేదట. ఊళ్ళోవాళ్ళు పారిపోయారు. వీళ్ళు వెళ్ళి చేలో పంటా, ఊరూ రెండూ తగలబెట్టి వచ్చారు. లాగ్‌లో ఆ రోజు గురించి ఉన్నది కొద్ది మాటలే. నేను తెలుగు చేశాను కాబట్టి నాకు గుర్తు.

"నేనేమీ తగలబెట్టడం లేదు," అన్నారు కెప్టెన్ గారు.

"ఇక్కడ తగలబెట్టడానికి పంట లేదండీ. నీళ్ళే ఉన్నాయి."

ఆయన చెంబు ఎత్తి నీళ్ళు తాగి లేచి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఖాదర్ వెళ్ళి ఊట నోటికి ఇనుప తలుపు బిగించి వచ్చాడు. వచ్చాక చేతులు చాలాసేపు కడుక్కున్నాడు.

422వ రోజు

పొద్దున ఇంటికో బిందె పోశారు. ఊళ్ళో ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. పాలిచ్చే తల్లి ఒకామె రెండో బిందె అడిగితే మా మనిషి తల అడ్డంగా ఊపాడు. ఆమె పక్కకి జరిగింది. ఇది జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నా వంతు తాగునీళ్ళు ఆమె ఇంట్లో పోసి వచ్చాను. ఇది గొప్ప కోసం రాయడం లేదు. నౌక నీళ్ళు బయటికిస్తే లాగ్‌లో రాయాలి కాబట్టి రాస్తున్నాను.

తర్వాత నూకాలు దగ్గరికి వెళ్ళాను.

"గడ నానే పీకినాను," అంది ఆవిడ. దాచుకోలేదు. మూలన నిలబెట్టి ఉంది. "మావోల్లని పూడ్సిన సోట పాతినారు. మా ఆయన గుండెల మీద పాతినారు. నానేటి సెయ్యాల?"

"చెప్పాల్సింది కదమ్మా."

"ఎవురికి సెప్పాల? మీవోడు సదవడమే గాని ఇనడు."

గడ పట్టుకుని లేచాను. వెనక్కి ఇచ్చేస్తే ఊట తెరుస్తారు. కానీ మళ్ళీ ఇంకేదో పోతుంది, మళ్ళీ మూస్తారు. గుమ్మం దగ్గర ఆగి, మనసులో ఉన్నది అడిగేశాను.

"ఈ చోటు మీదే అని చెప్పడానికి ఏదైనా కాగితం ఉందా? నాగావళి తాలూకు ఏదైనా?"

"లాగ్ ఉంది," అంది నూకాలు.

నన్ను లోపలి గదికి తీసుకెళ్ళింది. నేల నుంచి పైకప్పు దాకా ఆకుల కట్టలు. కింద వరసలో కొన్ని అసలు కాగితం పుస్తకాలు. కాగితం అయిపోయాక పైకప్పుకి వాడే వెడల్పాటి ఆకునే ఎండబెట్టి, చేప ఎముకతో గీసి, మసి రుద్దారు. ఏడాదికో కట్ట. ఆవిడ కూర్చున్న పీట పక్కన ఉన్నది నూట ఎనభై ఏడో కట్ట. పై ఆకు చదివాను.

'ఈ దినం తూరుపు గాలి. చేపలు తక్కువ. ఎర్రయ్య పడవ అడుగు మార్చినాము. ఊట మూసినారు. ఇంటికి ఒక బిందె.'

"రోజూ రాస్తారా?"

"రాయకపోతే ఎలగ? నాను సరంగుని. దిగిన కాడ్నుంచి ఒక్క రోజు మానలేదు."

నౌకాయాన నిబంధనల్లో తొమ్మిదోది లాగ్ అధికారులందరికీ నోటికి వచ్చు. లాగ్ తెగనంత కాలం నౌక ప్రయాణంలో ఉన్నట్టే లెక్క. అది నిలిచిన చోటు దాని సరంగు ఆధీనంలో ఉంటుంది. ప్రయాణంలో ఉన్న నౌక నుంచి బలవంతంగా ఏది తీసుకున్నా దోపిడీయే.

గడ తెచ్చి కెప్టెన్ గారికి ఇచ్చాను. పరిశీలన మొదలుపెట్టానని లాగ్‌లో రాశాను. ఆయన చదివి, "నూట ఎనభై ఏడేళ్ళా? ఒక్క రోజు తప్పినా అది తెగినట్టే. అది కూడా మీ నిబంధనే" అన్నారు. పరిశీలన తేలేదాకా ఊట తెరవనన్నారు.

425వ రోజు

ఇక్కడి ఏడాదికి మూడు వందల పది రోజులు. మొత్తం యాభై ఏడు వేల పైచిలుకు రోజులు సరిచూడాలి. పరిశీలన మొదలైన రెండో రోజున ఖాదర్ పర్ర మీద నడుచుకుంటూ వచ్చాడు, చేతిలో బొమ్మలు తీసే యంత్రం పట్టుకుని.

"అక్కా, ఆ తలుపు బిగించింది నా చేతులే. ఇదైనా చెయ్యనివ్వు," అన్నాడు.

తను బొమ్మ తీస్తాడు, నేను తేదీ చదివి సరిచూస్తాను. ఊళ్ళోవాళ్ళు కట్టలు విప్పి, మళ్ళీ కట్టి వరసలో పెడుతున్నారు. ఇంటికో బిందెలో వాళ్ళు మాకూ ఇన్ని నీళ్ళు పోస్తున్నారు. వద్దంటే నూకాలు ఊరుకోలేదు.

పెళ్ళిళ్ళు, పురుళ్ళు, తుఫానులు. ఒకచోట రోజంతా ఒకే వాక్యం: 'ఈ దినం ఏమీ కాలేదు, హాయిగా ఉన్నాము.' అరవై రెండు కట్టలు అయ్యాయి. ఒక్క రోజు కూడా తప్పలేదు.

426వ రోజు

అరవై మూడో కట్టలో తప్పింది.

వరసగా పదకొండు రోజులు అక్షరం లేదు. ఆకు మీద పదకొండు నిలువు గీతలున్నాయి. కొన్ని గీతల పక్కన చుక్కలు. మొత్తం ఇరవై మూడు చుక్కలు.

ఖాదర్ నా మొహం వంక చూశాడు. "ఆకు అంటుకుపోయి పాడైందని రాద్దాం అక్కా. ఎవరు చూడొచ్చారు?"

ఒక్క క్షణం నాకూ అనిపించింది. లేదని బుకాయించను. కానీ నేను పొగని ఆవిరి అని రాయని మనిషిని. ఇష్టమైనవాళ్ళ కోసం అబద్ధం రాస్తే, 415వ రోజు నేను నిలబడ్డ చోటు కూడా పోతుంది.

నూకాల్ని పిలిచి చూపించాను. ఆవిడ గీతల మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపింది.

"జొరాలొచ్చిన ఏడు. అప్పటి సరంగు పోనాడు. ఆడి కూతురు రాసీది, అదీ పోనాది. మిగిలినోల్లలో వొంటమనిసే పెద్ద. మా మామ్మకి అమ్మ. దానికి అచ్చరం రాదు. గాని రోజు రాయాలని తెలుసు. పొద్దున్నే లేసి గీత గీసింది. ఆ రోజు ఎంతమంది పోతే అన్ని సుక్కలెట్టింది." ఆవిడ వేలు చివరి గీత దాకా వచ్చింది. "పన్నెండో రోజు మంచం మీంచి లేసినోడొకడు అచ్చరమొచ్చినోడు. ఆడు రాసినాడు. అప్పట్నుంచి ఈ ఊల్లో ఆరేళ్ళు దాటితే అచ్చరం రానోల్లు లేరు."

మిగతా కట్టలకి ఊరంతా తలో చెయ్యి వేసి తేదీలు చదివారు, నేను సరిచూశాను; అర్ధరాత్రికి అన్నీ అయ్యాయి. ఇంకెక్కడా తప్పలేదు.

427వ రోజు

కెప్టెన్ గారి గదిలో అరగంట.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పదకొండు గీతల బొమ్మ ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని దీపం దగ్గరికి జరుపుకున్నారు.

"ఇది రాత కాదు," అన్నారు.

"నిబంధనలో రాత అని లేదండీ. 'నౌక బాధ్యత మోస్తున్న వ్యక్తి స్వహస్తంతో రోజుకొక గుర్తు' అని ఉంది. గుర్తు అని ఎందుకన్నారంటే, గాలి లేని చోట దుస్తుల్లో చిక్కుకున్నవాళ్ళు అక్షరాలు రాయలేరని. చదివి చూడండి."

చదివారు. రెండుసార్లు చదివారు.

"రేపటితో గడువు అయిపోతుంది. మీరు సంతకం పెట్టకపోతే వశిష్ఠలో ఉన్నవాళ్ళకి కాలు పెట్టే చోటు ఉండదు. ఇది మీరు వాళ్ళకి చేస్తున్నది, రత్నం గారూ. కంపెనీకి కాదు."

"వాళ్ళకి కావలసింది చోటే అయితే అడగొచ్చు కదండీ. వీళ్ళు మొదటి రోజే నీళ్ళిచ్చారు, చేపలిచ్చారు. మనమే అడగడం మానేశాం."

"అడుక్కుని బతకడానికా ఇంత దూరం వచ్చాం?"

నేను తల దించుకున్నాను. కానీ ఈ కింది మాటలు రాయడానికే బయటికి వచ్చాను.

పరిశీలన ఫలితం: నాగావళి లాగ్ తెగలేదు. అరవై మూడో ఏట పదకొండు రోజులు అక్షరానికి బదులు గీతలున్నాయి. వాటిని గీసింది ఆ రోజుల్లో నౌక బాధ్యత మోసిన వంటమనిషి. నాగావళి ప్రయాణంలో ఉన్న నౌక. ఊటగెడ్డ దాని రేవు. సరంగు నూకాలు. ఈ తీరం ఖాళీ కాదు. స్వాధీన ప్రకటన మీద నేను సంతకం చేయను.

పుట సీలు పడింది. ఇక నా బదులు ఇంకెవరు సంతకం పెట్టినా చెల్లదు. కెప్టెన్ గారు నన్ను లాగ్ అధికారి పదవి నుంచి తొలగించారు; ఆ సంగతి నమోదు చేసే ఈ పుటే నాది చివరిది. తొలగించినవాళ్ళని దగ్గరలోని రేవులో దింపేయవచ్చని నిబంధన ఉంది.

"ఇది రేవని మీరే రాశారు," అన్నారాయన. "ఇక్కడే దిగండి."

సరేనన్నాను.

నాగావళి లాగ్, నూట ఎనభై ఏడో కట్ట
సరంగు నూకాలు అనుమతితో రాస్తున్నది కనకరత్నం

ఈ దినం పడమటి గాలి. చేపలు బాగా పడ్డాయి.

పొద్దున ఖాదర్ ఎవరినీ అడగకుండా ఊట తలుపు విప్పేశాడు. నీళ్ళు ఒక్కసారిగా గెడ్డలోకి దూకాయి. పిల్లలు అరిచారు. పాలిచ్చే తల్లి బిందె లేకుండానే వచ్చి గెడ్డ ఒడ్డున కూర్చుంది, అంతే.

ఎండెక్కే వేళకి కెప్టెన్ గారు ఒక్కరే నడిచి వచ్చారు. ట్యాంకులు ఇంకా సగం కూడా నిండలేదు. ప్రయాణంలో ఉన్న ఒక నౌక ఇంకో నౌకని నీళ్ళు అడిగితే ఇవ్వాలన్నది కూడా నిబంధనే. కానీ అడగాలి. ఆయన చెప్పులు విడిచి నూకాలు ముందు నిలబడ్డారు.

"సరంగమ్మా, మా నౌకకి నీళ్ళు కావాలి," అన్నారు. ఆ మాట బయటికి రావడానికి ఆయనకి ఎంత కష్టమైందో మెడ మీద నరాలు చూస్తే తెలిసింది.

"ఎన్ని గావాలో తీసుకో బాబూ," అంది నూకాలు. "గాని ఆ గడలు నువ్వే పీకు. మీవోల్ల సేత పీకించకు. నువ్వు."

మధ్యాహ్నం దాకా పీకారు. స్తంభం ఒక్కటే లోతుగా దిగి ఉంది. ఎర్రయ్య పార పట్టుకుని సాయం వెళ్తే నూకాలు ఆపింది. స్తంభం బయటికి వచ్చాక కెప్టెన్ గారు అరచేతులు చూసుకుని అక్కడే ఇసుకలో కూర్చున్నారు. నూకాలు స్వయంగా చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగారు.

ఈ దినం గాలి లేదు. మబ్బు.

ట్యాంకులు నింపుకుని గౌతమి వెళ్ళిపోయింది. కెప్టెన్ గారు ఉత్తరంగా ఇంకో తీరం వెతుకుతానన్నారు. ఎవరూ లేని తీరం. ఎక్కే ముందు నా వైపు తిరిగి, "మా హైమకి మీరే చెప్పుకోండి" అన్నారు. కోపంగా అన్నారో, అప్పజెప్పి వెళ్ళారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఖాదర్ తన దగ్గరున్న రెండో ప్రసార యంత్రం, ఒక గోనెడు కందిపప్పు దింపి వెళ్ళాడు. అక్కా జాగ్రత్త అని మూడుసార్లు చెప్పాడు.

వశిష్ఠకి కబురు పంపాను. జరిగిందంతా వాళ్ళకి లాగ్‌లో ముందే చేరి ఉంటుంది. నేను కలిపింది రెండు మాటలు: ఇక్కడ మీకోసం సొంత నేల లేదు. మనుషులున్నారు, అడగండి.

ఈ దినం తూరుపు గాలి. వల చిరిగింది, బాగుచేసినాము.

వశిష్ఠ నుంచి జవాబు వచ్చింది. మొదట చాలా గొంతులు కలిసి అరుస్తున్నాయి. నన్ను ద్రోహి అన్నారు. ఒకాయన ఏడుస్తున్నాడు. పూర్తిగా విన్నాను, మధ్యలో ఆపలేదు. వాళ్ళకి అలా అనే హక్కుంది.

చివర్లో ఒక ఆడగొంతు. "నేను హైమనండీ, విజయసారథి గారి అమ్మాయిని. మూడు రోజులు అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. వెనక్కి వెళ్ళే ఇంధనం మాకు లేదు. మా నాన్న వెతికే తీరం దొరుకుతుందో లేదో తెలియదు. అక్కడి పెద్దావిణ్ణి ఒక్క మాట అడిగి చెప్పండి. ఆ ఊట ఎంతమందికి సరిపోతుంది?"

ఎన్ని ఎకరాలని అడుగుతుందని భయపడ్డాను. కళ్ళ నీళ్ళు తుడుచుకుని నూకాలుకి వినిపించాను.

ఆవిడ చాలాసేపు గెడ్డ వంక చూస్తూ లెక్కేసింది. "ఆరొందలకి సరిపోతాది. మనం రెండొందల అరవై మందిమి. ఆల్లెంతమంది?"

"నాలుగు వందలు."

"అరవై మందికి తక్కువొస్తాది." ఆవిడ లేచి చీర చెంగు నడుముకి బిగించింది. "ఇంకో ఊట తియ్యాల. ఇంకా ఏడాది పైనే ఉంది గదా. ఆ పిల్లతో సెప్పు. ఒచ్చీమను. గెడ్డలో కాలెట్టకూడదని ముందే సెప్పు."

ఈ దినం తూరుపు గాలి. చేపలు మామూలు.

ఊటకి దక్షిణంగా గొయ్యి తవ్వడం మొదలుపెట్టి తొమ్మిది రోజులు. ఎర్రయ్య, పదహారుమంది ఆడవాళ్ళు, నేను. ఇసుక కింద గట్టి ఉప్పు పొర, దాన్ని గడపారతో పగలగొట్టాలి. నా అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. చేపనూనె రాసుకుంటే మంట తగ్గింది.

ఈ మధ్యాహ్నం మూడు నిలువుల లోతులో తడి తగిలింది. అందరం పని ఆపేశాం. నూకాలు తాడు పట్టుకుని తనే దిగింది, వద్దంటే వినలేదు. దోసిట్లో పట్టి నాలిక మీద వేసుకుని ఉమ్మేసింది.

"ఉప్పు," అంది పైకి చూసి.

ఆవిణ్ణి పైకి లాగాం. కాళ్ళు దులుపుకుని, కొంచెంసేపు ఊపిరి తీసుకుని, పదమూడు అడుగులు తూర్పుకి నడిచి మడమతో ఇసుకలో గుండ్రంగా గీసింది.

రేపు పొద్దున్నే అక్కడ తవ్వుతాం.